బాపు వెంట సూదికి వచ్చినవాళ్లు

మా పరిశోధన ఫలితం రెండోసారి పరీక్షించినా నిలిచింది! బొగ్గుదుమ్ముకు ఊపిరితిత్తులు చెడుతుంటే, దగ్గు మొదలవకముందే నెత్తురులోని ప్రొటీన్లు ఆ సంగతి చెబుతున్నాయి. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. నా పరిశోధనకు నెత్తురివ్వడానికి మొదట చెయ్యి చాపింది బాపు. నస్పూర్ గనిలో తనతో పనిచేసినవాళ్లనూ వెంటబెట్టుకొచ్చాడు.

"పైకప్పు కూలినా భయపడనోళ్లు గీ సూదికి భయపడ్తుండ్రా? నా బిడ్డే గుచ్చుతది, రాండ్రి!"

అందరూ నవ్వారు. బాపుకు మాత్రం నవ్వు దగ్గులోకి దిగింది. తర్వాత ఆ దగ్గుతోనే పోయాడు.

ఇప్పుడే నన్ను కన్న అవ్వకు ఫోన్‌లో చెప్పాను.

"మీ బాపుదైతే అయిపాయె. ఆయన జాగల గనిల నౌకరి ఎక్కిన నీ తమ్ముని నెత్తురన్న జల్ది చూడు బిడ్డా."

ఇంకా ఫోన్ చేయాలి: ధర్మపురిలో మేనమామకు, బాపు దోస్తులకు, వాళ్లలో పోయినవాళ్ల భార్యలకు, తమ్ముడికి. వాడు షిఫ్టు ముగిసి గనిలోంచి పైకి రావాలి.