మిషన్ ఎక్కని గుడ్డు

కోవిడ్‌కు ముందటి వేసవిలో నేను అనంతపురంలో పశువ్యాధుల ల్యాబులో సహాయ సంచాలకుడిని. సోమందేపల్లె దగ్గరి ఒక హేచరీ నుంచి కబురొచ్చింది. మిషన్‌లో, అంటే గుడ్లు పొదిగే యంత్రంలో, పెట్టిన బ్యాచంతా చచ్చిపోయిందట.

నేను వెళ్లేసరికి ఖాజా గేటు బయట నిలబడి ఉన్నాడు. క్రిములు చావడానికి గుడ్లకు ఫార్మలిన్ పొగ పెట్టేది అతనే. ఎక్కువ పోసి చంపాడని యజమాని గంగిరెడ్డి అతన్ని పనిలోంచి తీసేశాడు. రెడ్డికి కోపం ముందు, విచారణ తర్వాత.

"ఎప్పుడూ పోసినంతే పోసినా సార్. ఈ పేరుతో నన్ను ఇంగ ఏ హేచరీలోనూ చేర్చుకోరు," అన్నాడు ఖాజా.

గుడ్లు పగలగొట్టి చూశాను. ప్రతి పచ్చసొన మీదా ఎర్రటి రక్తపు వలయం. పిండం తొలి రోజుల్లోనే చచ్చిందనడానికి అది గుర్తు. నా సర్వీసులో బ్యాచ్ మొత్తం అలా పోవడం ఎన్నడూ చూడలేదు.

మిషన్ ఎక్కించిన వెంటనే పొగ పెడితే ప్రమాదం లేదు. మరునాటి నుంచి కొన్నాళ్లు పెట్టకూడదు. అప్పటికి పిండం పెరగడం మొదలవుతుంది గానీ, విషాన్ని విరిచే ఎంజైముల జన్యువులు ఇంకా సరిగా పనిలోకి దిగి ఉండవు. ఖాజా ఎక్కించిన వెంటనే పెట్టాడు. డబ్బాలో మిగిలిన మందును బట్టి కొలతా సరిపోయింది.

గుడ్లు నిల్వ ఉంచే గదిలోకి వెళ్లాను. రేకుల కప్పు, లోపల పొయ్యి ముందు కూర్చున్నంత వేడి. కూలర్ ఆగి ఉంది.

"కరెంటు యాడుండాది సార్? జనరేటరు మిషన్‌కే చాలదు. ఉత్త గుడ్లకు చల్లదనం ఏంటికని నేనే ఆపించినా," అన్నాడు రెడ్డి.

ఆ గదిలోంచే ఒక గుడ్డు తీసి పళ్లెంలో పగలగొట్టాను. సొన మీద సన్నటి నెత్తుటి దారాలు, వాటి నడుమ ఆవగింజంత చుక్క. అది కొట్టుకుంటోంది.

"ఏమప్పా ఇది! కోడి పొదగల్యా, మిషన్ ఎక్కల్యా!" రెడ్డి గోడ పట్టుకున్నాడు.

మా ఎండే పొదిగింది. చచ్చిన బ్యాచూ ఈ గదిలో ఉండి వెళ్లిందే. మిషన్‌లో మొదటి రోజు ఆ పిండాలకు మొదటి రోజు కాదు. పెట్టకూడని వయసులో వాటికి పొగ తగిలింది.

రెడ్డి తనే గేటు దాకా వెళ్లి ఖాజాను పిలుచుకొచ్చాడు. తప్పయిందని నోటితో అనలేదు, కూలర్ వేయమన్నాడు. ఖాజా ముందు పళ్లెం వైపు చూశాడు. చుక్క అప్పటికే ఆగిపోయింది.

ఆ తర్వాత ఏ హేచరీకి పిలిచినా ముందు గుడ్ల గది తలుపు తీయించాను. లోపలి వేడి చూశాకే, పొగ పెట్టిందెవరని అడిగాను.