ఆమె కొట్టేయని ప్రశ్న

ఇరవై రోజుల కిందట కడప ఆసుపత్రిలో నా భార్య కన్నుమూసింది. జబ్బు గురించి రాయను. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె కామర్స్ లెక్చరర్ అనీ, డాక్టరేట్ ఉందనీ తెలుసు. దేని మీద అన్నది చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

హోటళ్ళ మార్కెటింగ్, పర్యాటక పాలన మీద. యాత్రాస్థలాల దగ్గరి హోటళ్ళు ఎవరిని పిలుస్తున్నాయి, వచ్చినవాళ్ళ బాగోగులు ఎవరు చూడాలి అన్నది ఆమె విషయం. నలభై ఆరో ఏట మొదలుపెట్టింది. సెలవు దొరికితే సర్వే ప్రశ్నపత్రాల కట్ట సంచిలో పెట్టుకుని బస్సెక్కేది. కారులో తీసుకుపోతానంటే, "కారులో పోతే కార్లలో వచ్చేవాళ్ళే దొరుకుతారు" అనేది. ఎదుటివాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా పెన్ను మూత తీసేది కాదు.

ఒకసారి నేనూ వెళ్ళాను. బద్వేలులో మా ముందు సీటులోకి ఒక అవ్వ వచ్చి కూర్చుంది. పెదవులు పగిలి ఉన్నాయి. నా భార్య నీళ్ళ సీసా అందించింది.

"వద్దు తల్లీ. తాగితే మళ్ళా ఒంటికి యాడికి పోవాల?"

అవ్వ పక్కనున్నామె అందుకుంది. "మా ఆయన కొండ మీద సామికి మొక్కుకుంటాడు. నేను డ్రైవరుకు మొక్కుకుంటా, రోంత జోరుగా పోనీప్పా అని."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నా భార్య నవ్వలేదు. ఆ రోజే ప్రశ్నపత్రంలో అన్నిటికన్నా పైన ఒక ప్రశ్న చేర్చింది: పొద్దున్నుంచి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు?

ఆ దారిలోనే రోడ్డు పక్క హోటలు నడిపే ఒకాయన ఆ కాగితం చూసి వేళాకోళం చేశాడు. "ఏం మేడమ్, రూములెట్లుండాయో అడగకుండా నీళ్ళ సంగతి అడుగుతాండారే?"

"నీ హోటలు ముందర బస్సు నిలిచేదీ నిలవనిదీ దాంట్లోనే ఉండాదప్పా."

ఆయన ప్రకటనలన్నీ రాత్రికి ఉండేవాళ్ళ కోసం. ఆమె కలిసిన ఆడవాళ్ళలో ఎక్కువమంది సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. ఒక క్షేత్రంలో మరుగుదొడ్లు కట్టి ఉన్నాయి, తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం నాలుగు ఆఫీసులు తిరిగింది. ప్రతిచోటా పక్క ఆఫీసు పేరే చెప్పారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "పాలన అంటే ఏం లేదండీ, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పగలగడం" అంది.

థీసిస్ ఇచ్చే ముందు ఆమె గైడు ఆ ప్రశ్న తీసేయమన్నారు. అది మార్కెటింగ్ ప్రశ్న కాదు, పరీక్షకులు తిప్పి పంపుతారు అన్నారు. తిరిగొస్తే మళ్ళీ రాయడానికి గడువు లేదు. ఐదేళ్ళ పని పోతుంది.

"ఒక్క ప్రశ్నే కదా, కొట్టేయ్" అన్నాను నేను.

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "బద్వేలు పోయిననాడు బస్సు ఆగిన చోటల్లా మీరు దిగినారు. నేను దిగినానా?"

దిగలేదు. అంతకుముందు ప్రయాణాల్లో కూడా దిగినట్టు నాకు గుర్తులేదు. చూడలేదు కాబట్టి గుర్తులేదు.

ఆమె నేత ఇంటి బిడ్డ. "తెగిన పోగు మగ్గం మీదుండంగనే ముడెయ్యాల" అని వాళ్ళ నాయన మాట చెప్పి, కాగితాలు సర్దుకుంది. ప్రశ్న అలాగే వెళ్ళింది.

మౌఖిక పరీక్షకు నేను వెనక వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పెద్దాయన చాలాసేపు పేజీలు తిప్పి, "ఈ మొదటి ప్రశ్న మీకెవరు సూచించారు?" అన్నాడు. గైడు తల వంచుకున్నారు.

"బస్సులో ఒక అవ్వ, సార్."

"ఆ మాట ముందుమాటలో రాయండి" అన్నాడాయన. అంతే. ఆ రోజు నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత గర్వపడ్డాను. ఆమెకు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఏడాది తర్వాత ఆ హోటలాయన ఫోన్ చేసి రమ్మన్నాడు. బస్సులోనే వెళ్ళాం. రోడ్డు మీదికి పెద్ద బోర్డు పెట్టాడు: ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, గది తీసుకోనవసరం లేదు. యాత్రికుల బస్సులు రెండు ఆగి ఉన్నాయి. లోపలినుంచి వరస బయటిదాకా వచ్చింది. ఆయన ఆమెను చూసి, "మేడమ్, మీరు ఇట్లా ముందరికి రాండి" అని కేకేశాడు. ఆమె వద్దని చెయ్యి ఊపి, వరసలో చివర నిలబడింది.

ముందున్నామె వెనక్కి తిరిగి, "నువ్వూ యాత్రకేనామ్మా?" అంది.

"అవునక్కా" అంది నా భార్య. కొంగు తలమీదికి లాక్కుని, ఎండలో అందరితోపాటు ఒక అడుగు ముందుకు జరిగింది.