ఫిల్మ్ నగర్‌లో దొరికిన ప్యానెల్

రిటైర్మెంటుకు ఏడాది ముందు, మండు వేసవిలో నాకు ఆ డ్యూటీ పడింది. మూతపడ్డ ఒక యురేనియం శుద్ధి షెడ్డును ప్రభుత్వం శుభ్రం చేయిస్తోంది. అక్కడి రేడియేషన్ భద్రతకు నేను సీనియర్ ఆఫీసర్ని. ఊడదీసిన ప్రతి ఇనుప ముక్కనూ మీటరుతో కొలిచి, యురేనియం ధూళి అంటినవాటిని పసుపు సంచుల్లో కట్టి నంబరు వేయాలి. చివర్లో చూస్తే ఒక కంట్రోల్ ప్యానెల్ తగ్గింది. ఆరా తీస్తే, పొరపాటున మామూలు తుక్కులో కలిసి ఎర్రగడ్డ పాత సామాన్ల బజారుకు చేరి, అక్కడి నుంచి ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా సెట్టుకు వెళ్ళిందని తేలింది.

సెట్టు చూసి నాకు మతి పోయింది. మా షెడ్డు కన్నా అదే అసలు షెడ్డులా ఉంది. ఏ గోడ చూసినా రేడియేషన్ హెచ్చరికలే. ఆర్ట్ డైరెక్టర్ ఎదురొచ్చి, "ముందు టీ తీసుకోండి సార్. మా పనెలా ఉందో మీలాంటివారే చెప్పాలండీ" అన్నాడు. ఆ మర్యాదకు ఉబ్బిపోయి, మూలనున్న బల్ల మీద మోచెయ్యి ఆనించి రెండు కప్పులు లాగించాను. ఆ తర్వాత తుప్పు పట్టిన ప్యానెల్ ఒకటి వేలితో చూపించి, "అదే మనది, ప్యాక్ చెయ్యమ్మా" అని నా జూనియర్ శ్రావణికి ఆజ్ఞాపించాను.

ఆమె మీటరు పెట్టింది. మీటరు ఉలకలేదు, పలకలేదు.

సెట్ అసిస్టెంటు యాదగిరి, యాభై దాటినవాడు, నవ్వాపుకుంటూ చెప్పాడు: "గది థర్మాకోల్ సార్, నేనే చేసిన. మీ అసల్ది కెమెరాల నకిలీ లెక్క కనవడుతున్నదని పక్కకు పెట్టిన్రు. గా టీ బల్ల గదే."

బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మీటరు గోల పెట్టింది. యాదగిరి నవ్వు ఎగిరిపోయింది. చేతిలోని తడిబట్ట చూసుకుని, "పొద్దుగాల్నుంచి గీ బట్టతోనే తుడుస్తున్న. ఇంట్ల మనుమరాలికి గీ చేత్తోనే తినవెడ్త సార్. దానికేమన్న అయితదా?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అతని కుడి అరచేతిలో మీటరు కొద్దిగా ధూళి చూపించింది. గట్టిగా రుద్దితే చర్మం గీరుకుని ధూళి లోపలికి పోతుంది. అందుకే శ్రావణి మెత్తని సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో నెమ్మదిగా కడిగించింది. రెండోసారికి మీటరు మామూలుకొచ్చింది. యూనిట్‌లో టీ తాగినవాళ్ళందరినీ కొలిచి, యాదగిరి మనుమరాలితో సహా పరీక్షలకూ పంపాం. ఎవరికీ ఏమీ లేదని తర్వాత రిపోర్టు వచ్చింది.

చెయ్యి శుభ్రమైందని అక్కడే ఊపిరి పీల్చుకున్న యాదగిరి, "సార్, మీరు గూడ రెండు టీలు తాగిన్రు గద. జర మీ చెయ్యి సూపియ్యిన్రి" అన్నాడు.

యూనిట్ మొత్తం చుట్టూ చేరింది. నా మోచేతి దగ్గర మీటరు మోగింది. చొక్కా పసుపు సంచిలోకి పోయింది. కాస్ట్యూమ్ వాళ్ళిచ్చిన విలన్ పూలచొక్కా తొడుక్కుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా ఆఫీసుకు వెళ్ళాను.

స్వాధీనం చేసుకున్నవి: ప్యానెల్ ఒకటి, తుడిచే బట్ట ఒకటి, అధికారి చొక్కా ఒకటి అని రాసి సంతకం పెట్టాను. నేర్చుకున్నది ఒకటే. మీటరుతో కొలవని చోట ఏదీ తినకూడదు, తాగకూడదు. మా విభాగం భద్రతా నియమాల్లో మొదటిది అదే. ఆ నియమాలు రాసిన కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే.