తల దించుకుని తోసినవాడు

ఆంజోర్ పన్నెండేళ్లు జార్జియా దేశం తరఫున రగ్బీ ఆడాడు. ముందు వరుసలో. ఎనిమిదిమందికి ఎదురుగా ఎనిమిదిమంది తలలు ఇరికించి తోసుకునేప్పుడు, ఆ బరువంతా మోసే మెడ అతనిది. చెవులు నలిగి ఎండు పుట్టగొడుగుల్లా అయ్యాయి. బంతి మాత్రం అతని చేతికి ఎప్పుడో తప్ప రాలేదు.

ఫ్రాన్సువాళ్లు ఆ మెడకు భయపడ్డారు. ఊళ్లో తండ్రి, కార్లో అనే ఆయన, భయపడలేదు.

“బంతి ముట్టకుండా ఆడేది కూడా ఒక ఆటేనట్రా?” అనేవాడు.

అనగలిగినవాడే. ఈస్టర్ నాడు పై ఊరికీ కింది ఊరికీ జరిగే లేలో ఆటలో, మట్టి కూరి వైన్ పోసి కుట్టిన తోలుబంతిని ఎన్నోసార్లు తమ పై ఊరి వాగు దాటించాడు. లేలోకు జట్ల లెక్క లేదు, విజిల్ లేదు. ఊరి మగాళ్లంతా దిగుతారు. బంతిని తమ వాగు దాటించినవాళ్లది గెలుపు. గెలిచిన బంతిని తమ ఊళ్లో ఆ ఏడు పోయినవాళ్లలో ఒకరి సమాధి మీద పెడతారు.

ఈ చలికాలం ఆ తండ్రి పోయాడు. ఆంజోర్ అప్పటికే ఆట మానేసి ఇంటికొచ్చాడు.

ఈస్టర్ పొద్దున తల్లి దరీకో జున్నురొట్టె ముందు పెట్టి అంది: “బంతి మీ నాన్న దగ్గరికి రావాలి. ఇంకేం అడగను.”

“దేశాల్నే తోశాడు పిన్నీ, కింది ఊరొక లెక్కా!” అన్నాడు పక్కింటి మురాజ్.

పూజారి దీవించి బంతి విసిరాడు. ఆంజోర్ తనకు తెలిసిందే చేశాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ల భుజాలు పట్టి, తల దించి, తోశాడు. బంతి ఎక్కడుందో చూడలేదు. చూడటం అతని పని కాదు. గుంపు తిరగలిరాయిలా మెల్లగా తిరిగింది. రగ్బీలో అలా తిరిగితే రిఫరీ విజిల్ ఊదాలి. ఎవరూ ఊదలేదు. అతను తోస్తూనే ఉన్నాడు. “అటు కాదురా!” అన్న కేకలు వినపడ్డాయి. ఎదుటివాళ్లని అంటున్నారనుకున్నాడు.

కాళ్లకు నీళ్లు తగిలాక తలెత్తాడు. అది కింది ఊరి వాగు.

కింది ఊరివాళ్లు అతన్ని భుజాలకెత్తుకున్నారు. అతన్ని ఒకరు మోయడం అదే మొదటిసారి.

“మీ నాన్న మమ్మల్ని జన్మంతా ఏడిపించాడు. నువ్వు ఒక్కపూటలో నవ్వించావ్. కొడుకంటే నువ్వేరా!”

బంతి, ఆ ఏడే పోయిన కింది ఊరి కమ్మరి వార్లాం సమాధి మీదకు పోయింది. బతికినన్నాళ్లూ అతనికీ కార్లోకీ మాటల్లేవు.

సాయంత్రం పై ఊరి శ్మశానం గేటు దగ్గర అందరూ చేరారు.

“ఏమాటకామాటే, తోయడం మాత్రం బాగా తోశావన్నా,” అన్నాడు మురాజ్.

దరీకో నవ్వలేదు, ఏడవలేదు. ఈస్టర్‌కు సమాధుల మీద పెట్టే ఎర్ర రంగు గుడ్డు బుట్టలోంచి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

“దీన్నైనా మీ నాన్న దాకా తీసుకెళ్లు. తలెత్తి నడువు.”

అతని అరచేతిలో గుడ్డు కనపడనంత చిన్నది. రెండు చేతులా పట్టుకున్నాడు. సమాధి ఎటుందో ఒకసారి చూసుకుని, కదిలాడు.