ఏడు బారల తాడు

మొన్న మా ఆడపడుచును దుబాయ్ విమానం ఎక్కించడానికి శంషాబాద్ వెళ్ళినప్పుడు, బడంగ్‌పేట్ నుంచి ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చిన ఆవకాయ అట్టపెట్టె సరిగ్గా ఎయిర్‌పోర్టు గేటు ముందు నోరు తెరిచింది. మావారు ఎక్కడినుంచో ఒక తాడు ముక్క సంపాదించి, అటు లాగి ఇటు లాగి, మోకాలు పెట్టి అదిమి, ఆఖరికి "ఇంకో మూరెడుంటే అయిపోతుండె" అని చేతులెత్తేశారు. అందరూ విమానం వేళ అవుతోందని హైరానా పడుతుంటే నాకేమో నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. తాడు పొట్టిదైపోవడం గురించి మా ఇంట్లో ఒక పెద్ద కథ ఉంది. బావిలో నీళ్ళు తోడుకున్న నా ఈడు వాళ్ళకైతే అది చెప్పగానే అర్థమవుతుంది.

మాది శంషాబాద్ అవతల ఒక పల్లె. మా బాపు సేద్యం ఎలా చేసేవాడో గానీ, తాళ్ళ విషయంలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. ఎవరింట్లో కొత్త చేంతాడు కావాలన్నా ముందు బాపును తీసుకుపోయి బావి చూపించాల్సిందే. ఆయన సన్నటి దారానికి రాయి కట్టి నీళ్ళలోకి వదిలి, చేతులు రెండూ బారజాపి కొలిచి, లోతు ఇన్ని బారలు, తాడు ఒక బార ఎక్కువ, అంతకుమించి ఒక్క జానెడు కూడా దండగే అని తీర్పు చెప్పేవాడు. కిత్తనార నానబెట్టి, చితక్కొట్టి, మూడు పేటలుగా పేని, తయారైన తాడును వేపకొమ్మకు కట్టి తానే పట్టుకుని వేలాడి చూసేవాడు. ఆయన అలా ఊగుతుంటే మా అమ్మ తలుపు చాటున నవ్వుకునేది.

మా మేనత్తను హిమాయత్‌సాగర్‌లో చేపలు పట్టే ఇంటికి ఇచ్చారు. నాకు రాజేంద్రనగర్‌లో టైపిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు బుద్వేల్‌లో ఉన్న అత్తా వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. నేను వెళ్ళిన ఏడాదే మామయ్య జ్వరమొచ్చి పోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి చెరువులోకి వెళ్ళేవారు. ఆయన తెడ్డు పట్టుకుని పడవను కదలకుండా నిలిపితే ఆమె వల ఎత్తేది. ఇప్పుడు వల ఎత్తే చేతులున్నాయి గానీ తెడ్డు పట్టే చేతులు లేవు. గాలి కాస్త వీస్తే చాలు, పడవ ఒకవైపు, వల ఒకవైపు. లంగరు వేస్తే పడవ నిలుస్తుంది, తను ఒక్కతే పని చేసుకోగలదు. అత్త అడిగింది అంతే, ఒక లంగరు తాడు.

చెల్లెల్ని చూడ్డానికి వచ్చి ఉన్న బాపు మాత్రం పడవ అమ్మేసి పుట్టింటికి వచ్చేయమన్నాడు. ఆయనకు చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని నీళ్ళ మీద వదిలిపెట్టి తాను ఇంట్లో నిద్రపోలేడు. అత్తేమో, పిల్లాజెల్లా లేని తాను అన్న గుమ్మంలో కూర్చుని వదిన పెట్టింది తినలేనని నాతో తెగేసి చెప్పింది. రెండు రోజులు ఆ ఇంట్లో ముగ్గురం సరిగ్గా మాట్లాడుకోలేదు. మూడో రోజు బాపే దిగివచ్చాడు.

"తాడు నేనే జేసిస్త. కానీ పడవ ఒక్కసారి కొట్టుకపోయిందని నాకు తెలిసిందనుకో, ఇగ అమ్ముడే. ఏమంటవు?"

"సరే అన్నా" అంది అత్త.

నీళ్ళంటే భయపడే మనిషి, పడవ అంచులు రెండూ గట్టిగా పట్టుకుని వెళ్ళి, అత్త వల వేసే చోట లోతు కొలిచాడు. ఐదు బారలు. తన లెక్కకు ఆరు బారల తాడు చాలు; చెల్లెలు కాబట్టి ఏడు బారలు పేనాడు. లంగరుకు మా ఇంట్లో బావిలో పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె ఇచ్చాడు. నాలుగు కొక్కేలున్న ఇనుప ముద్ద, బురదలో దిగితే ఏనుగైనా లాగలేదని బాపు నమ్మకం. అంత అందమైన తాడు నేను మళ్ళీ చూడలేదు, చేత్తో నిమిరితే ఎక్కడా ఒక్క పోచ గుచ్చుకునేది కాదు.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం సరదాపడి నేనూ అత్త వెంట పడవెక్కాను. వల సగం ఎత్తిందో లేదో గాలి లేచింది. తాడు తెగలేదు, ముడి ఊడలేదు, బాపు పనితనంలో ఏ లోటూ లేదు. అయినా పడవ ఒక్క అల మీద లేచినప్పుడల్లా కింద గరిగె బురదలోంచి ఊడి, ఒక గెంతు గెంతి, మళ్ళీ ఊడుతోంది. అలా గెంతుకుంటూ గెంతుకుంటూ మమ్మల్ని తీసుకెళ్ళి అవతలి గట్టు తుమ్మచెట్లలోకి తోసేసింది. కొత్త వల నిలువునా చిరిగింది. నేను దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తుంటే, అత్త ముళ్ళు తీసుకుంటూ "లొల్లి జెయ్యకు బిడ్డా, ఎవరన్న ఇంటరు" అంది. ఆమె భయం చావు గురించి కాదు. బాపు చెవిన పడుతుందేమోనని.

గట్టు మీద అంతా చూసిన మామయ్య చిన్నాన్న, పళ్ళు లేని ముసలాయన, తాడు చేతిలోకి తీసుకుని తెగ మెచ్చుకుని, అది ఎంత పొడుగో తెలిశాక కిసుక్కున నవ్వాడు. "బావికి జేసిండు గదమ్మా మీ అన్న! నిలువుగ గుంజితే కొక్కెం లేస్తది, అడ్డంగ గుంజితేనే కరుస్తది. లోతుకు నాలుగింతలు ఇడువాలె" అన్నాడు. అంటే ఇరవై బారలు. బాపు జీవితంలో ఎన్నడూ వదలని దండగ అది.

ఇద్దరం శంషాబాద్ బజారుకెళ్ళాం. దుకాణంలో అత్త తాళ్ళన్నీ బయటికి తీయించింది. లావుది బాగుంటుందని నేనంటే, తడిసినాక చేతిలో పట్టు దొరకదని పక్కన పెట్టింది; కొబ్బరితాడు నీళ్ళ మీద తేలుతుందని వద్దంది; చివరికి చిటికెన వేలంత నైలాను తాడు రెండు చేతులా పట్టి గుంజి, సాగి మళ్ళీ వెనక్కి వచ్చిందని తేల్చుకుని పదమూడు బారలు కోయించింది. ఇంటికొచ్చి దాన్ని బాపు తాడు కొసకు కలిపి ముడివేసింది. పడవకు కట్టి నీళ్ళలో వదిలితే పైన కనిపించేదంతా బాపు కిత్తనారే, నైలాను ఎక్కడో అడుగున. "మీ బాపుకు చెప్పినవంటే నా మీద ఒట్టే" అంది. పడవ మళ్ళీ ఎన్నడూ కొట్టుకుపోలేదు.

ఏటా మృగశిర కార్తెకు ముందు బాపు కొత్త తాడు పేనుకుని వచ్చేవాడు. ఏడు బారలు. అత్త ముందే పడవను లంగరు మీద నిలిపి ఉంచేది. ఆయన గట్టు మీద కూర్చుని, నీళ్ళలోకి దిగిన తన తాడును చూసుకుని, గాలికి ఊగుతూ కూడా కదలని పడవను చూసుకుని, బీడీ వెలిగించి దారినపోయేవాళ్ళకు కూడా చెప్పేవాడు, ఆ తాడు తనదేనని. నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

ఐదో ఏడు బాపు బస్సు దిగి వస్తుంటే భుజం మీది తాడుచుట్ట బరువుకు మనిషి ఒకవైపు ఒరిగిపోయాడు. చుట్టను అరుగు మీద దించి, మంచినీళ్ళడిగి తాగాడు. అత్త మామూలుగా బారజాపి కొలవడం మొదలుపెట్టింది. ఏడైంది, పదైంది, పదిహేనైంది. ఇరవై దగ్గర ఆగింది.

"ఏందన్నా, ఇంత పొడుగు?"

బాపు ఆమె వైపు చూడలేదు. "నార మిగిలింది" అన్నాడు. నీళ్ళ చెంబు పక్కన పెట్టి, "జర చాయ్ పెట్టరాదు" అన్నాడు.

అత్త పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను చెప్పలేదని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా చాలాకాలం నా వైపు అనుమానంగానే చూసేది. ఆ నైలాను తాడు బట్టలారేసే దండెమైపోయింది. నానితే పాడైపోతుందని తెలిసీ ఆమె బాపు తాడునే వాడుకుంది, రోజూ సాయంత్రం చెరువు గట్టున పొడుగ్గా పరిచి ఆరబెట్టుకునేది. పడవ అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అత్తా లేదు, బాపూ లేడు. చెరువు చుట్టూ మేడలొచ్చాయి, కిత్తనార పేనేవాళ్ళు ఎవరున్నారో నాకు తెలియదు. ఆయనకు ఎప్పుడు తెలిసిందో కూడా తెలియదు. నాలుగో ఏడా, రెండో ఏడా, లేక మొదటి వానకే ఎవరైనా ఊదారా? తెలిసే ఆ ఏడు బారలూ మోసుకొచ్చి, గట్టు మీద కూర్చుని, గొప్పలు చెప్పుకున్నాడా? మేమెవరమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నేనైతే తెలిసిన క్షణమే ఫోన్ చేసి కడిగేసేదాన్ని. కిందటేడు మా తమ్ముడు నా దగ్గర ఒక చిన్న సంగతి దాచాడని తెలిస్తే అదే చేశాను. వాడిదే తప్పని అందరి ముందూ ఒప్పించాను కూడా. అప్పటినుంచి వాడు మా గడప తొక్కలేదు. వాడింటికి నేనే వెళ్దామని ఎన్నిసార్లో చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పేశాను. బాపు చేతిలో ఒక తాడుచుట్టైనా ఉంది, నార మిగిలిందని చెప్పడానికి. నాకు తాడు పేనడం రాదు.