గుండు రావాలంటే

మా ఇంట్లో అమ్మ ఫొటోలు పదకొండు ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ ఆమె చేతులు కొంగు కిందే ఉంటాయి. జీడినూనె తగిలి నల్లబడ్డ వేళ్ళు ఫొటోలో పడడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. మా ఊరు పలాసలో జీడిపిక్కలు కోసే పని ఆమె ఇరవై ఏళ్ళకు పైగా చేసింది. ఆ పని చేస్తుండగా ఎవరూ వీడియో తీయలేదు. నేనూ తీయలేదు. ఫోను నా జేబులోనే ఉండేది.

ఆమె పోయిన ఆరు నెలలకు త్రీడీ యానిమేషన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, నెట్‌లో పాఠాలు, టెక్కలి ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట. ఆ చేతుల కదలికను మరచిపోయేలోగా ఒకచోట పెట్టుకోవాలనుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు.

మొదటి పాఠంలో మధ్యన చిల్లున్న విదేశీ మిఠాయి ఒకటి చేయిస్తారు. కంచిలి నుంచి ఆదివారాలు వచ్చే మా పిన్ని దాన్ని చూసింది.

"గారెలొండడం నేర్సుకుంతన్నావేటిరా?"

పిన్ని అమ్మకు చెల్లెలు. అమ్మ పక్క మిషను మీదే పనిచేసింది. ఆ వరసలో కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది.

చెయ్యి చేయడానికి రెండు నెలలు పట్టింది. ఒక ఘనాన్ని సాగదీసి అరచెయ్యి, అందులోంచి వేళ్ళు. బొటనవేలు చాలాకాలం తప్పుగానే ఉంది. తరువాత మిషను చేశాను. కాలితో తొక్కితే దాని కత్తులు పిక్కను పట్టుకుంటాయి, కుడిచేత్తో పిడి వంచితే పైడొల్ల విడిపోతుంది.

యానిమేషన్‌లో చెయ్యి మొదట ఎక్కడుందో, చివరకు ఎక్కడుందో మనం చెబితే చాలు. మధ్యలో ఉన్నదంతా సాఫ్ట్‌వేరే నింపుతుంది. అలాగే వదిలేశాను. చూడడానికి బాగానే ఉందనిపించింది.

పిన్ని కళ్ళజోడు తుడుచుకుని చూసింది.

"గుండు రాదు. బద్దే వత్తాది."

పప్పు విరగకుండా నిండుగా వస్తే గుండు, రెండుగా చీలితే బద్ద.

"ఎందుకు రాదు?"

"తొక్కడం, వంచడం ఒక్కపాలే సేసీసావు. తొక్కీసి ఆగాల. పిక్క పట్టు దొరికిందో నేదో కాలికి తెలస్తాది. అప్పుడు వంచాల. ఇలగ పన్జేత్తే మా మేత్తిరి మిషన్లోంచి లేపీసీవోడు."

బల్ల మీద ఉత్త చేతులతో చేసి చూపించింది. పదిసార్లు చేయించుకుని, ఆగిన సమయాన్ని లెక్కపెట్టాను. అర సెకను, అంటే పన్నెండు ఫ్రేములు. ఆ పన్నెండింటిలో ఏమీ కదలదు. దాన్ని సరిచేసి మరుసటి ఆదివారం చూపించాను.

"ఇప్పుడు గుండే," అంది. మళ్ళీ చూసింది. "కానీ ఇది నా సెయ్యిరా. మీయమ్మది కాదు."

మౌసు వదిలి ఆమె వైపు తిరిగాను.

"మీయమ్మ పిక్కని ముందు బల్లకేసి రెండుసార్లు కొట్టీది. పుచ్చుదో మంచిదో ఇనీది. తలుపు కొడతన్నావేటప్పా, లోపలెవులున్నారు అని మేమందరం ఏడిపించీవోళ్ళం. అయినా మాన్నేదు."

ఇంట్లో వేరుశనగకాయ ఒలిచేముందు కూడా అమ్మ నేలకేసి రెండుసార్లు కొట్టేది. ఆ చప్పుడుకు నేను విసుక్కునేవాణ్ణి. అది పనిలోంచి వచ్చిన అలవాటని నాకు తెలియదు. నాకు గుర్తున్నాయనుకున్న కదలికల్లో అది లేనేలేదు.

కూర్చుని ఆ రెండు దెబ్బలూ చేర్చాను. పిన్ని కాఫీ తాగుతూ అక్కడే ఉంది. స్క్రీను మీద చెయ్యి పిక్కను బల్లకు రెండుసార్లు తాకించి, కత్తుల మధ్య పెట్టి, ఆగి, పిడి వంచింది. మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

మూడోసారికి పిన్ని గ్లాసు కింద పెట్టింది.

"అదే. సప్పుడేదిరా మరి?"

ఫోను జేబులోంచి తీసి రికార్డింగు పెట్టి, "నువ్వు కొట్టు పిన్నీ," అన్నాను.

ఆమె వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి కొట్టి తల అడ్డంగా ఊపింది.

"ఏలితో కొడితే ఏలి సప్పుడే వత్తాది. పిక్క అట్రా."

పలాసలో జీడిపిక్క దొరకడం కష్టమేమీ కాదు. చెప్పులు వేసుకుని బయలుదేరాను.