అడుగున రెండో కాగితం

ఫేబ చెయ్యి మంచిది కాదని బిస్సమ్ కటక్ రోడ్డులోని రాతిపొడి మిల్లులో అందరూ తేల్చేశారు. వాళ్ళమ్మ దయావతి ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి హస్తవాసి మంచిదని పేరు తెచ్చుకుంది. ల్యాబులో పొడి మెత్తదనం కొలిచే కూతురికి దక్కిన పేరేమో ఇది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఫేబకు ఒళ్ళు మండిపోయేది.

చూడ్డానికి కొలత సులువే. చిన్న స్టీలు గిన్నె అడుగున చిల్లుల బిళ్ళ, దాని మీద వడపోత కాగితం, తూచిన పొడి, పైన ఇంకో కాగితం. కడ్డీ తల గిన్నె అంచుకు ఆనేదాకా నొక్కి, గిన్నెను గాజుగొట్టం మీద బిగిస్తారు. గొట్టంలో పైకి లాగిన ఎర్ర ద్రవం దిగుతూ దిగుతూ పొడిలోంచి గాలిని లాక్కుంటుంది. పొడి సన్ననిదైన కొద్దీ రేణువుల ఉపరితలం పెరుగుతుంది, గాలి దాన్నంతా రాసుకుంటూ ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. ద్రవం పైగీత నుంచి కిందిగీతకు దిగడానికి కనీసం తొంభై అయిదు సెకన్లు పడితే లారీ కదులుతుంది. లేదంటే సరుకంతా మళ్ళీ మిల్లులోకే.

ఫేబ కొలిస్తే ఎనభై తొమ్మిది దాటి చావదు. అదే బస్తాలోని పొడి పోతురాజు షిఫ్టులో తొంభై ఏడు! పోతురాజు ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నవాడు. ఇంకెవరి మాట నెగ్గుతుంది? గొట్టం కడిగింది. అతుకులకు కొత్తగా గ్రీజు రాసింది. పొడిని ఆరబెట్టి మూడేసిసార్లు తూచింది. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఎనభై తొమ్మిదే కనిపించింది.

"శనివారంలోగా తేడా పోవాలి. లేకపోతే గేటు దగ్గర బస్తాల్లో శాంపిళ్ళు తీసుకో" అన్నాడు కెమిస్టు ఈశ్వరప్రసాద్. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది బస్తాలు పొడవడానికా అని ఆమె కుమిలిపోయింది.

శుక్రవారం షిఫ్టు దిగినా ఇంటికి పోలేదు. పోతురాజు పక్కనే నిలబడి చూసింది.

"బాబాయి, అడుగున రెండు కాగితాలేస్తన్నావేటి?"

"ఎప్పుడూ అంతే కదమ్మీ. పాత బిళ్ళకి సిల్లు పెద్దదైపోయి కాగితం సిరిగిపోయేది. రెండేసుకోమని అప్పటి సారు సెప్పేరు."

"ఆ బిళ్ళ మార్సేసి నాలుగేళ్ళయింది కదా!"

"అయితే ఏటి? రెండోది తీసేమని ఎవలూ సెప్పనేదు."

ఫేబకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కడ్డీ ఆగే చోటు మారదు. కాగితం ఒకటి పెరిగితే ఆ మందం మేర పొడి ఇంకా బిగుసుకుంటుంది. గాలి ఆలస్యమవుతుంది, ముతక పొడి కూడా మెత్తనిదైపోతుంది!

శనివారం పొద్దున్నే పోతురాజునూ పిలిచి, కెమిస్టు ఎదుటే, యంత్రంతో పాటు వచ్చిన ప్రామాణిక పొడి సీసా సీలు విప్పింది. ఈ యంత్రం మీద దానికి పట్టాల్సిన సమయం సీసా చీటీ మీద అచ్చయి ఉంది: నూట నాలుగు. అడుగున ఒక్క కాగితంతో సరిగ్గా నూట నాలుగు వచ్చింది. రెండు వేస్తే నూట పదమూడు. పోతురాజు తలొంచుకున్నాడు.

ఈశ్వరప్రసాద్ సీసాకు మూత పెట్టాడు. "నాలుగేళ్ళుగా పంపిన సరుకంతా ముతకని ఇప్పుడెవరికి చెప్పమంటావు? ఇకమీదట నువ్వూ రెండే వెయ్యి. తేడా పోతుంది."

ఫేబ ఆ పూట బస్తాల పొడిని అడుగున ఒక్క కాగితంతోనే కొలిచి, రిజిస్టరులో ఎనభై తొమ్మిది అని రాసి సంతకం పెట్టింది.

సోమవారానికి గేటు దగ్గర ఉంది. తీసిన శాంపిలు పట్టుకెళ్ళడానికి పోతురాజు వచ్చాడు.

"నీ సెయ్యి మంచిదేనమ్మీ" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

"పొద్దుటి శాంపిలు ఎంతొచ్చింది బాబాయి?"

అతను డబ్బా మూత బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"తొంభై ఏడు."